అమ్మవారు కాదు, నేనే

మా ఇంట్లో ఎవరు దగ్గినా అందరికీ వినపడుతుంది. లాల్‌దర్వాజాలో సన్నటి గల్లీ, రెండు గదుల ఇల్లు, వెనక బర్రెల కొట్టం, ముందు పాలు పెరుగు అమ్మే అరుగు. తెల్లారకముందే బాపు పాలు పితకడానికి లేచాడంటే ఇల్లంతా లేవాల్సిందే. చదువుకునే పిల్లాడని నన్ను పడుకోనిచ్చే రకం కాదు ఆయన. అలాంటి ఇంట్లో నేను ఒక సంగతిని ఏళ్లకేళ్లు దాచాను. ఎలా దాచానని ఇప్పుడు అడిగితే నేనే చెప్పలేను. మాట్లాడడం తగ్గించేశాను, అంతే. చిన్నప్పుడు నేను ముంగిలా ఉండేవాణ్ణని చుట్టాలంతా అంటారు. ఇప్పుడు నా నోరు చూసినవాళ్లు ఆ మాట నమ్మరు.

సంగతి ఏమిటంటే, నాకు మగపిల్లలంటే ఇష్టం. ఇప్పుడు ఇంత తేలిగ్గా రాసేస్తున్నాను గానీ, ఇంటర్ చదివే రోజుల్లో ఈ ఒక్క మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోయేది. ఫోన్‌లో వెతికితే దీనికి బోలెడు ఇంగ్లిషు మాటలు దొరికాయి. వాటిని చదివి, నాలాంటివాళ్లు లోకంలో చాలామంది ఉన్నారని తెలిసి, ఒక గంట సంతోషంగా ఉన్నాను. తర్వాత ఫోన్ పక్కన పెట్టి చుట్టూ చూస్తే ఎవరున్నారు? గడ్డి నములుతున్న బర్రెలు. డాబా ఎక్కితే కనిపించినంత మేర ఇళ్లు, బట్టలు ఆరేసిన తాళ్లు, పతంగులు ఎగరేసే పిల్లలు. ఇంత జనంలో ఒక్కడికీ చెప్పుకోలేని బతుకేంటని నా మీద నాకే ఒళ్లు మండేది.

ఒక్కడికి మాత్రం చెప్పాను. దబీర్‌పురా నుంచి కాలేజీకి వచ్చే దోస్తు. కాలేజీ వదిలాక ఇద్దరం దబీర్‌పురా స్టేషన్‌లో కూర్చునేవాళ్లం. రైలు రైలుకీ మధ్య అక్కడ పెద్దగా జనం ఉండరు, ఒక బెంచీ ఖాళీగా దొరుకుతుంది. చదువుకోవడానికి అని ఇంట్లో చెప్పేవాణ్ణి. వాడు లెక్కలు చేస్తుంటే నేను వాడి చేతివేళ్లు చూస్తూ కూర్చునేవాణ్ణి. వాడు నవ్వితే ఆ రోజంతా నాకు కడుపు నిండిపోయేది. ఒకరోజు, ఇక లాభం లేదని, గుండె గట్టిచేసుకుని చెప్పేశాను.

"నువ్వంటే నాకు ఇష్టంరా. దోస్తు లెక్క కాదు."

వాడు ముందు నవ్వాడు. "మజాక్ చేస్తున్నవారా?" అన్నాడు. నేను నవ్వలేదు. వాడి మొహంలో నవ్వు మెల్లగా పోయింది. పుస్తకం సంచిలో పెట్టుకుని, "ఇంట్ల పనుంది భాయ్" అని లేచి వెళ్లిపోయాడు. మర్నాడు క్లాసులో వేరే బెంచీలో కూర్చున్నాడు. ఎవరికీ చెప్పలేదు, నన్ను తిట్టలేదు, కొట్టలేదు. అంతవరకు వాడు మంచివాడే. కానీ మళ్లీ నా మొహం వైపు చూడలేదు. నేను మాత్రం చాలా రోజులు ఒక్కణ్ణే ఆ స్టేషన్‌కి వెళ్లి, అదే బెంచీ మీద కూర్చుని, వచ్చే రైళ్లు పోయే రైళ్లు చూసి ఇంటికి వచ్చేవాణ్ణి.

అలా ఉండగా ఆషాఢం వచ్చింది. గోల్కొండలో మొదటి బోనం ఎత్తారని టీవీలో చూపించారు. ఇక మా వైపు కూడా మొదలైపోయింది. గోడలకు సున్నాలు, గల్లీకి లైట్లు, సాయంత్రం కాగానే ఎక్కడో ఒకచోట డప్పు. మా లాల్‌దర్వాజా బోనాలు ఆషాఢం చివర్లో వస్తాయి కాబట్టి నెలంతా ఇంట్లో అవే మాటలు. నాకు పండగ మీద ధ్యాస లేదు. లోపల ఉన్నది ఎవరికైనా చెప్పకపోతే పిచ్చెక్కుతుందేమో అన్నంత దాకా వచ్చింది. అమ్మకు చెప్పాలనుకున్నాను. ఎందుకు అమ్మకే అంటే, ఇంకెవరున్నారు?

సాయంత్రం అమ్మ వంటింట్లో పాలకు తోడు పెడుతోంది. పెద్ద గిన్నె ముందు పెట్టుకుని, పాల వేడి వేలితో చూసుకుంటోంది. నేను గడప దగ్గర కూర్చున్నాను.

"అమ్మా, నీతోని ఒక మాట చెప్పాలె."

"ఏంది? ఫీజా?"

"ఫీజు కాదమ్మా. నాకు పోరిల మీద మనసు పోతలేదు. పోరగాళ్ల మీదనే పోతది. చిన్నప్పటి సంది గట్లనే ఉన్న."

అమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఏందిరా నువ్వు అనేది?" అంది. నేను మళ్లీ చెప్పాను. రెండోసారి చెప్పడం ఇంకా కష్టం. ఆమె నన్ను అదోలా చూసింది. కోపం కాదు, ఏడుపూ కాదు. మర్చిపోయినదేదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు చూసింది. తోడు వేయడం ముగించి గిన్నె మీద మూత పెట్టింది.

"బాపుకు చెప్పినవా?"

"లే."

"చెప్పకు. నేను చెప్త."

అంతే. తిట్టలేదు! నేను డాబా మీదికి పరుగెత్తి, నీళ్ల ట్యాంకు వెనక కూర్చుని, నోట్లో చొక్కా కుక్కుకుని ఏడ్చాను. నా జన్మలో అంత తేలికైన సాయంత్రం లేదు. ఇంత సులువైన పనికి ఇన్నేళ్లు చచ్చిపోయానేంట్రా దేవుడా అనుకున్నాను.

ఆ మర్నాటి నుంచి అమ్మ మారిపోయింది. పొద్దున నా గ్లాసులో మీగడ తీయకుండా పాలు పోసేది. పేడ ఎత్తడానికి వెళ్తే "నువ్వు ఉండు బిడ్డ" అని ఆపేది. మామూలుగా మా అమ్మ నోరు తెరిస్తే "సచ్చినోడా, పీనుగ" అని మొదలుపెట్టకుండా మాట రాదు. ఆ తిట్లన్నీ మాయమైపోయాయి. బాపు కూడా నన్ను కసరడం మానేశాడు. ఎదురుపడితే పక్కకు జరిగి దారి ఇచ్చేవాడు. ఆయన పక్కకు జరగడం నాకు కొంచెం వింతగా ఉండేది గానీ, సిగ్గుపడుతున్నాడేమో, అలవాటవుతుందిలే అనుకున్నాను. నన్ను ఒప్పుకున్నారు, ఇక నాకేం ఫికర్ లేదు అనుకుని కాలేజీలో ఆ దోస్తు వైపు కూడా ధైర్యంగా చూశాను. పిచ్చివాణ్ణి.

ఒక శుక్రవారం అమ్మ కొత్త చీర కట్టుకుని, "నాతోని రా" అంది. చేతిలో ఒక కవరు ఉంది. గుడికి వెళ్తున్నామనుకున్నాను. మహంకాళి గుడి దాటి, వెనక సందులోకి తీసుకెళ్లింది. అక్కడ ఒక శివసత్తి ఉండేది. మగవాడిగా పుట్టి, అమ్మవారికి తనను తాను ఇచ్చుకుని, చీర కట్టుకుని బతికే మనిషి. బోనాల్లో మొహం నిండా పసుపు పూసుకుని, చేతుల్లో వేపమండలు పట్టుకుని ఆడుతుంటే జనం కాళ్ల మీద పడతారు. ఆ గల్లీ పిల్లలే మిగతా రోజుల్లో వెనకనుంచి ఈలలు వేస్తారు. అందరూ అక్కా అంటారు, నేనూ అక్క అనే అంటాను.

అక్క గదిలో గోడ నిండా అమ్మవారి పటాలు, ఒక మూల అద్దం, దాని పక్కన గాజుల స్టాండు. మమ్మల్ని చూసి చాప వేసింది.

"వీడేనా?"

"వీడే అక్కా" అంది అమ్మ. "ఐదేండ్లప్పుడే తల్లి వాని మీదికి వచ్చింది. బోనాల దినం డప్పుల ముంగట దబ్బున పడిపోయిండు. నేనే గుర్తు పట్టలే. ఇప్పుడు వాడే నోరు తెరిచి చెప్పిండు, పోరిలంటే మనసు లేదని."

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా అర్థమైంది. మీగడ పాలు, ఆగిపోయిన తిట్లు, బాపు పక్కకు జరగడం, అన్నీ. నేను వంటింట్లో కూర్చుని చెప్పిన మాటను అమ్మ తనకు తెలిసిన లోకంలో పెట్టుకుని చూసుకుంది. మా గల్లీలో నాలాంటివాడికి రెండే చోట్లున్నాయి. ఒకటి తిట్టులో, రెండోది గుళ్లో. మొదటిదాంట్లో నన్ను పెట్టడానికి ఆమెకు మనసు రాలేదు. అందుకని రెండోదాంట్లో పెట్టింది.

అమ్మ కవరులోంచి చీర తీసింది. చిలకపచ్చ రంగు, పసుపు అంచు. అక్క దాన్ని వేళ్లతో తడిమి చూసింది.

"ఈసారికి ఉత్తగ బోనం ఎత్తితే సాలు. మిగిలిన సంగతి మల్ల చూద్దాం. జుట్టు పెంచుకోమను" అని, నా వైపు తిరిగి, "భయమైతుందా బిడ్డ? నాక్కూడా మొదట్ల మస్తు భయమైంది. చీర కట్టినంకనే నేను నేనైన" అంది. చాయ్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఆమె ఎంత ప్రేమగా అందో చెప్పలేను. ఆమె మాట ఆమెకు నిజం. ఆమెను చూస్తుంటే నాకు అసూయ కలిగింది. ఆమెకు ఒక చీర ఉంది, ఒక పండగ ఉంది, తల్లి అని పిలుచుకోవడానికి ఒక అమ్మవారు ఉంది. నాకేముంది? నేను చీర కట్టుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు. ఒక పిల్లాడి పక్కన బెంచీ మీద కూర్చోవాలనుకున్నాను. ఇంత చిన్న కోరికకు ఆ గదిలో పటం లేదు, గాజు లేదు. దోస్తు లేచి వెళ్లిపోయినప్పుడు కూడా నాకు అంత ఒంటరిగా అనిపించలేదు. వాడు నన్ను వద్దనుకున్నాడు, వాడికి నేనెవరో తెలుసు. ఇక్కడ అమ్మ నన్ను నెత్తిన పెట్టుకుంటోంది, కానీ ఆమె నెత్తిన పెట్టుకున్నది నన్ను కాదు.

ఇంటికి వచ్చేదాకా పళ్లు బిగపట్టుకుని నడిచాను. గడప లోపల కాలు పెట్టగానే చెప్పేశాను.

"నేను చీర కట్ట. బోనం ఎత్త."

"గట్లనొద్దు బిడ్డ, తల్లి అడుగుతుంటే..."

"తల్లి అడగలేదమ్మా! నా మీదికి ఎవ్వలు రాలే. గప్పుడు పోతరాజు కొరడా కొడుతుంటే భయమై పడిపోయిన. గంతే. అమ్మవారు కాదు, నేనే. నేనే గిట్లున్న."

అమ్మ నా చెంప మీద ఒక్కటి ఇచ్చింది. "సచ్చినోడా! నోరు కడుక్కో! మొక్కు చెప్పుకున్న నేను!" అని అరిచింది. నమ్ముతారో లేదో గానీ, ఆ తిట్టు విని నా లోపల ఏదో కుదుటపడింది. అన్ని రోజుల తర్వాత మా అమ్మ నాతో మాట్లాడింది. తర్వాత ఆమె చీర కవరు పక్కన పడేసి నేల మీద కూలబడి ఏడ్చింది.

"అమ్మవారైతే నేను మొక్కుకుంట. ఒక్కపొద్దులుంట, బోనమెత్తుత. నువ్వే అంటే నేనేం జెయ్యాలెరా? ఎవలకు మొక్కాలె?"

నేను ఆ కవరు తీసి గూట్లో పెట్టి డాబా ఎక్కాను.

ఆ రోజు చీకటి పడ్డాక బాపు నన్ను కొట్టంలోకి పిలిచాడు. బర్రె ఒంటి మీద నీళ్లు కొడుతూ, నా వైపు చూడకుండా మాట్లాడాడు. "ఒక్క దినమే గదా, కట్టుకో. తర్వాత ఎవ్వడేమనడు. అమ్మవారి పిల్లగాడని ఇడిచిపెడ్తరు. లేకపోతే ఈ గల్లీల నిన్ను బతకనియ్యరురా." అంతకంటే ఎక్కువ మాటలు ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఆయనకు కూడా నేను అక్కర్లేదు, పరువే కావాలి అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆయన భయమంతా నా గురించే. రాళ్లు పడకుండా నా మీద ఒక చీర కప్పాలనుకున్నాడు, పాపం.

రెండు రోజులకు పాడి బర్రె ఒకటి పొదుగు ముట్టనివ్వకుండా తన్నింది. దానికి అది కొత్త కాదు, ఎండాకాలంలో కూడా తన్నింది. కానీ అమ్మ ఖాళీ బకెట్టు వైపు, తర్వాత నా వైపు చూసింది. మొక్కు తప్పుతున్నామని ఆమెకు వణుకు. అన్నం తినడం మానేసింది. అరుగు మీద కూర్చుని పెరుగు కొలుస్తూ కొలుస్తూ ఆగిపోయేది, కొనేవాళ్లు "అమ్మా" అని పిలిస్తే ఉలిక్కిపడేది. ఇంట్లో ఎవరితో ఎవరం మాట్లాడుకోలేదు. ముగ్గురం మూడు మూలల్లో. బయట గల్లీ అంతా మైకులు, లైట్లు, డప్పులు. ఎవరింటికి చూసినా చుట్టాలు దిగుతున్నారు. నేను డాబా మీద పడుకుని ఆ పండగంతా పై నుంచి చూశాను. ఎక్కడికైనా వెళ్లిపోదామా అనిపించేది. ఎక్కడికి? నాకు తెలిసిన ఊరంతా రెండు మూడు కిలోమీటర్లే.

బోనాల ముందు రోజు నేను ఓడిపోయాను. అమ్మ కొత్త కుండకు సున్నం పూసి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెడుతోంది. పెట్టిన బొట్టల్లా చెదిరిపోతుంటే తుడిచి మళ్లీ పెడుతోంది. చూడలేకపోయాను. ఒక్క రోజే కదా అనుకున్నాను. చీర కట్టుకుంటే నేను చచ్చిపోను. ఆ ఒక్క రోజు తర్వాత నేనెవరో ఈ ఇంట్లో ఎవరికీ ఎప్పటికీ తెలియదు, అంతే కదా.

"అమ్మా, సరే. నేనే ఎత్తుకుంట. చీర గూడ కడ్త."

సంతోషిస్తుందనుకున్నాను. ఆమె బొట్టు పెట్టే వేలు గాలిలోనే ఆపి నా మొహం వైపు చూసింది. చాలాసేపు చూసింది. నేను నవ్వడానికి ప్రయత్నించాను, అది నవ్వులా రాలేదని నాకే తెలుస్తోంది. మళ్లీ తల వంచి కుండకు బొట్లు పెట్టుకుంది.

పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి ఆమె సిద్ధంగా ఉంది. కుండలో అన్నం, పెరుగు, బెల్లం పెట్టి, చుట్టూ వేపమండలు కట్టి, పైన దీపం వెలిగించింది. నేను చీర కోసం చూశాను. అది మడత విప్పకుండా పళ్లెంలో పెట్టి ఉంది, మీద గాజులు, పసుపు కుంకుమ. అమ్మవారికి పెట్టే చీరను అలాగే పెడతారు.

"ప్యాంటు చొక్కా ఏసుకో" అంది. "సాక చెంబు పట్టుకుని నా ఎంబడి రా."

సాక అంటే వేపాకులు వేసిన పసుపు నీళ్లు. బోనం దించే ముందు అమ్మవారి దగ్గర పోస్తారు. ఆ చెంబు నా చేతిలో పెట్టి, పళ్లెం నా రెండో చేతిలో పెట్టి, తన నెత్తి మీద బోనం ఎత్తుకుంది. బాపు రాలేదు. బర్రెలకు నీళ్లు పెట్టాలన్నాడు. మేం గడప దాటుతుంటే తలుపు పట్టుకుని నిలబడి చూశాడు.

గుడి దాకా దారి పొడుగునా ఆడవాళ్లు అమ్మ కాళ్ల మీద నీళ్లు పోశారు. పోతరాజు కొరడా ఝళిపిస్తూ పక్కనుంచి వెళ్లాడు. అక్క ఎదురైంది, ఒళ్లంతా పసుపు, ఆ ఎండలో మెరిసిపోతోంది. నన్ను ప్యాంటు చొక్కాలో చూసి ఆగింది. అమ్మ వైపు చూసింది. అమ్మ మెడ తిప్పలేదు, నెత్తి మీద దీపం ఉంది కదా. అక్క కోప్పడలేదు. ఒక వేపరెమ్మ తీసి నా భుజం మీద తాకించి, ఆడుకుంటూ ముందుకు పోయింది.

అమ్మవారి ముందుకు వచ్చేసరికి ఊపిరాడనంత జనం. నేను సాక పోశాను. అమ్మ బోనం దించింది. చీర పళ్లెం నా చేతిలోంచి తీసుకుని ముందుకు చాచింది. మా అమ్మ అమ్మవారితో మెల్లగా మాట్లాడే మనిషి కాదు, ఎప్పుడూ గోడకవతలి పక్కింటామెతో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. ఆ డప్పుల్లో ఇంకా గట్టిగా అరవాల్సి వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు వింటారని కూడా చూడలేదు.

"తల్లీ, మొక్కు తప్పుతున్న. వాన్ని నీకిస్త అన్న గాని ఇయ్య. ఈ చీర తీస్కో, కోపమొస్తే నా మీద సూపియ్యి. వాన్ని ముట్టకు. వాడు నాకు గావాలె. ఎట్లున్నోడు గట్లనే గావాలె."

వెనకనుంచి ఎవరో "నడువమ్మా, నడువు, జల్ది" అని తోశారు. ఆమె పళ్లెం పూజారి చేతిలో పెట్టేసి, చెంగుతో మొహం తుడుచుకుని, జనంలో నేను తప్పిపోకుండా నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.